బెంగాల్ ఎర్ర లోయకు టాటానగర్ దారి

టాటానగర్ నుంచి ఆగ్నేయంగా వెళ్లే రహదారి గాలూడీ, ఘాట్‌శిలల దాకా సువర్ణరేఖ నదికి దగ్గరగానే సాగుతుంది. బహరాగోడా దాటితే పశ్చిమ బెంగాల్. లోధాశులి వద్ద హైవేను వదిలి ఝార్‌గ్రామ్, లాల్‌గఢ్, గోవాల్‌తోడ్‌ల మీదుగా గడ్‌బేతా చేరాలి. దానికి ఆనుకుని, శిలావతి నది ఒడ్డున గన్‌గని. పర్యాటకులకు 'బెంగాల్ గ్రాండ్ కేనియన్'.

ఏప్రిల్‌లో ఈ దారి ఎడారిని తలపిస్తుంది. కంకర తేలిన ఎర్రనేల, ఆకులు రాల్చిన సాల చెట్లు, రాలిన ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్లు. ఇప్పుడింత ప్రశాంతంగా ఉన్న ఈ జంగల్‌మహల్‌లోనే 2008 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి బుద్ధదేవ్ భట్టాచార్య కాన్వాయ్‌పై మందుపాతర పేలింది. పోలీసుల దాడులతో లాల్‌గఢ్ ఆదివాసీలు తిరగబడ్డారు. 2009 జూన్‌లో కేంద్ర బలగాలు దిగాయి. ఆ రోజుల్లో ఈ రోడ్డు మీద విహారయాత్ర ఊహకందని మాట.

గన్‌గని అంచున నిలబడితే మొదట కలిగేది ఆశ్చర్యమే. ఎరుపు, నారింజ, పసుపు గోడలు. కోట బురుజుల్లాంటి దిబ్బలు, గుహలు. బకాసురుణ్ని భీముడు చంపింది ఇక్కడేనని స్థానికులు చెబుతారు. గండికోటను చూసిన తెలుగువారికి లోతు చిన్నదే అనిపిస్తుంది. కానీ అక్కడ పెన్నా కోసింది గట్టి రాతిని. ఇక్కడ తెగుతున్నది లేటరైట్. పైపొర గట్టిగా ఉన్నా కింద మెత్తటి మట్టి. వాన నీరు లోపలికి ఇంకి ఆ మట్టిని తోడేస్తే పైకప్పు కూలుతుంది. విచిత్రమేమంటే, ఎడారిలా కనిపించే ఈ నేల మీద కడపకు రెట్టింపు వాన పడుతుంది. లోయను తవ్వింది కరవు కాదు, వానే. చెట్టు పోయిన చోట దాని పని మరీ సులువు.

అందుకే ఇక్కడ పర్యాటకుడికీ, రైతుకీ చూపు ఒకటి కాదు. ఒకరు ఫొటో తీసుకునే గోడ ఇంకొకరి పొలం వైపు జరుగుతుంటుంది. అంచుల మీదికెక్కి సెల్ఫీలు దిగేవారికి ఆ పైకప్పు కింద ఏమీ మిగల్లేదని తోచదు.

కరిగిన మట్టి శిలావతిలో కలిసి దిగువన ఘటాల్ వైపు పోతుంది. ఘటాల్‌కు వరదలు కొత్త కాదు. పూడిక తీత, కట్టల పటిష్ఠంతో కూడిన మాస్టర్‌ప్లాన్ దశాబ్దాలు నానింది. చివరికి 2025 బడ్జెట్‌లో రాష్ట్ర ప్రభుత్వం దానికి రూ. 500 కోట్లు కేటాయించింది. ఎగువన మట్టిని ఆపకుండా దిగువన ఎంత తోడినా, మరుసటి వానలకు శిలావతి మళ్లీ ఎర్రగానే పారుతుంది.