రెజ్యూమెల రాయని పనులు

డిగ్రీ ఆఖరి పరీక్షలు ఒడిసినయంటే ఇచ్చోడల ఇంటర్నెట్ సెంటర్లకు గిరాకి. పేరు, మార్కులు చెప్తే చాలు, మిగతాదంతా కంప్యూటర్ల ఉన్న పాత ఫైలు నుంచే వస్తది. అందుకే నా దగ్గరికొచ్చే రెజ్యూమెలన్నీ ఒక్కతీరుగనే ఉంటయి. పైన 'కెరీర్ ఆబ్జెక్టివ్' అని రాసినోనికి సుత అర్థం గాని పొడుగు ఇంగ్లిష్ వాక్యం. హాబీలు క్రికెట్, పాటలు వినుడు. అనుభవం దగ్గర 'ఫ్రెషర్'. కింద తండ్రి పేరు, తండ్రి వృత్తి, మతం, కులం, పెండ్లి అయిందా లేదా. పెండ్లి బయోడేటాను, సర్కారు దరఖాస్తును కలిపి కుట్టినట్టుంటది.

తెలుగు లెక్చరర్‌కు రెజ్యూమెల గురించి ఏమెరుక అనేటోళ్లున్నరు. వాక్యంల కర్త ఎవరు, క్రియ ఏంది అని చూసుడే గదా నా పని. ఈ కాయితాలల్ల క్రియ లేదు. ఆ పిల్లలు ఏం చేసిండ్రో ఎక్కడా లేదు.

మొన్న బీకాం అయిపోయిన పిలగాడు ఒకడు వచ్చిండు. నిర్మల్‌ల ఒక షాపుల అకౌంట్స్ పని ఉన్నదట. అనుభవం ఏం లేదన్నడు. పత్తి సీజన్ల ఏం చేస్తవురా అని అడిగితే మెల్లమెల్లగ చెప్పిండు. వాళ్లమ్మ పోయే కూలి గుంపుల ఇరవై రెండు మంది. పత్తి ఏరితే కిలో లెక్కన పైసలు. పొద్దుగూకినంక కాంటా కాడ నిలబడి ఎవలు ఎన్ని కిలోలు ఏరిండ్రో నోటుబుక్కుల రాసేది వీడే. ముందుగాల తీసుకున్న పైసలు పట్టుకొని, అంగడి రోజు ఎవల లెక్క వాళ్లకు తేల్చేది వీడే. ఒకసారి కాంటా తేడా కొడితే పటేల్‌తోని వాదించి మళ్లా తూకం పెట్టించిండు. ఎనిమిదేండ్ల వయసుల చేన్ల అడుగుపెట్టినోడు రెజ్యూమెల మాత్రం ఫ్రెషర్.

ఇద్దరం కూసొని రాసినం. 'రెండు పత్తి సీజన్లు 22 మంది కూలీల రోజువారీ తూకం నమోదు చేసిన. అడ్వాన్సులు మినహాయించి వారం వారం చెల్లింపులు లెక్కగట్టిన. తూకంల తేడా వస్తే సరిచేయించిన.' మూడు వాక్యాలు, మూడు క్రియలు. కెరీర్ ఆబ్జెక్టివ్ కొట్టేస్తే వీటికి జాగ దొరికింది.

అప్పుడు అడిగిండు, "సార్, ఇది రాస్తే మేం కూలోళ్లమని తెల్వదా?"

సిగ్గుపడొద్దు బిడ్డా అని వీపు తట్టి పంపుడు అల్కనే. కానీ వాని భయం ఉత్తది గాదు. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటవెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2005 అక్టోబర్ నుంచి 66 వారాలు ఒక పని చేసిండ్రు. ఇంగ్లిష్ పేపర్లల్ల వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపిండ్రు. ఒకే తీరు చదువు, ఒకే తీరు అర్హత. మారింది పేరొక్కటే. పై కులం పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు మూడింట రెండు వంతులే ఉన్నది. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. 2007ల ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీల అచ్చయింది. అదే రోజులల్ల జోధ్కా, న్యూమన్ అనేటోళ్లు పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లతోని మాట్లాడితే, మాకు మెరిటే ముఖ్యం అన్నోళ్లే ఇంటర్వ్యూల కుటుంబ నేపథ్యం అడుగుతమని చెప్పిండ్రు.

అందుకే వానికి చెప్పిన. చేసిన పని రాయి. తండ్రి వృత్తి, కులం, మతం కొట్టెయ్. నీకు లెక్కలు వస్తయా అన్న దానికి పని జవాబు చెప్తది. కులం కాలమ్ ఏ పనికీ జవాబు గాదు, వడపోతకు తప్ప. ఇది దాచుకునుడు గాదు. సర్కారు నౌకరికైతే కులం సర్టిఫికెట్ దర్జాగ పెట్టాలె, రాజ్యాంగం 16(4) కింద సర్కారు ఇచ్చిన హక్కు అది. ప్రైవేటుల ఆ హక్కు లేదు. హక్కు ఇయ్యనోనికి ఊరికే కులం చెప్పుడెందుకు?

భాషల సంగతి ఇంకో తీరు. మహర్, మాంగ్ పిల్లలు ఇంట్ల మరాఠీ, బజార్ల హిందీ మాట్లాడుతరు. గోండు గూడేల పక్కన పెరిగినోళ్లకు గోండి వస్తది. రెజ్యూమెల మాత్రం 'తెలుగు, ఇంగ్లిష్' అని రాస్తరు, అందుల ఇంగ్లిష్ అంతంతే. ఈ జిల్లాల దవాఖాన కౌంటర్ల కూసున్నా, బ్యాంకు లోన్ల పనికి ఊర్లు తిరిగినా పనికొచ్చేది గోండి, మరాఠీలే. మాట్లాడొస్తే మాట్లాడొస్తదని, రాయొస్తే రాయొస్తదని విడిగ రాయండి.

ఇంటిపేరు గురించి అడిగిన బిడ్డకు మాత్రం నేను తేల్చి చెప్పలేదు. వాళ్ల ఇంటిపేరు వింటే మా దిక్కు కులం ఎరుకైతది. తీసెయ్ అనడానికి నాకు మనసొప్పదు, ఉంచు అని ఆమె నౌకరి పణం పెట్టే హక్కూ నాకు లేదు. పదో తరగతి మెమోల పూర్తిగనే ఉన్నది కాబట్టి సర్టిఫికెట్లు చూపించిన రోజు ఎట్లనో తెలుస్తది, ఒక్క అక్షరంతోని రాసుకున్నా తప్పేం గాదు అని మాత్రం చెప్పిన.

ఆమె రెండు కాపీలు చేసింది. ఒకటి పూర్తి ఇంటిపేరుతోని, ఒకటి ఇనీషియల్‌తోని. ఆదిలాబాద్, నిర్మల్, హైదరాబాద్‌లకు ఐదు అవి, ఐదు ఇవి పంపింది. "ఏ పేరుకు ఫోన్ వస్తదో చూద్దాం సార్" అన్నది. థోరాట్ సంగతి నేను ఆమెకు అప్పటికింకా చెప్పనే లేదు.

పంపి పన్నెండు రోజులైంది.