సస్పెన్షన్ కుంగితే ముందు సబ్బు నీళ్లు

చంద్రపూర్‌లో ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఆఫ్‌రోడ్ బండి నడిపేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాలనిపించింది. రాత్రి నిలిపిన బండి తెల్లారేసరికి ఒక మూల కుంగి ఉంటే వెంటనే కంప్రెసర్ మార్చకండి. చాలాసార్లు అసలు రోగం లీకు. కారిపోయిన గాలిని నింపడానికి అతిగా తిరిగి తిరిగి కంప్రెసర్ వేడెక్కి పోతుంది. లీకు అలాగే ఉంచి కొత్తది బిగిస్తే దానికీ అదే గతి. స్కానర్‌లో వచ్చే కంప్రెసర్ కోడ్ కూడా ఒక్కోసారి ఫలితాన్నే చూపిస్తుంది, కారణాన్ని కాదు.

ఎయిర్ బ్యాగ్ మడతలు, పైపు జాయింట్లు, వాల్వ్ బ్లాక్ మీద సబ్బు నీళ్లు చల్లి చూడండి. బుడగలు లేచిన చోటే లీకు. రబ్బరు పగుళ్లు బండి పైకి లేచినప్పుడే బాగా కనబడతాయి. కానీ గట్టి స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరొద్దు, ప్రాణానికే ముప్పు! గాలి నిలుస్తున్నా ఎత్తు తేడాగా ఉంటే హైట్ సెన్సర్, దాని లింకు, వైరింగ్ చూడాలి.

బొగ్గు గనుల దుమ్ము, 45 డిగ్రీలు దాటే మే ఎండ, తర్వాత తాడోబా వైపు వానల తేమ. ఇక్కడ కంప్రెసర్ గాలి ఫిల్టరు, తేమ పీల్చే డ్రయ్యరు త్వరగా పాడవుతాయి. సర్వీసులో వాటిని అడిగి మరీ చూపించుకోండి.