దాదీ దవడపన్ను

తిరువూరులో మా పెరటి బావియందు ఏటా వానకాలం రాగానే బ్లీచింగు పొడి వేయించుట ఆచారము. ఆ వాసన మా దాదీకి సుపరిచితము. కనుకనే విజయవాడలో దంతవైద్యుని కుర్చీపై కూర్చున్న ఆమె, సిరంజి చేరువ కాగానే ముక్కు ముడిచి, “ఇది బావిలో వేసే మందు కదా బాబూ?” అని అడిగినది. మేము నవ్వినాము. వైద్యులు నవ్వలేదు. “ఆ జాతిదేనమ్మా” అన్నారు.

ఆరు మాసములకు పూర్వము అదే పంటికి వేరొకచోట రూట్ కెనాల్ చేయించియుంటిమి. మామిడికోతల రోజులు, మరల మరల రాలేము, ఒక్క పూటలో ముగించుడని తొందరపెట్టినది మేమే. కొంతకాలానికి చిగురు వాచినది, రాత్రుళ్ళు నిద్ర కరవైనది. పీకించివేయుడని ఇరుగుపొరుగు సలహా. కాని ఆ వైపున దాదీకి నమలుటకు మిగిలినది ఆ పై దవడపన్ను ఒక్కటే.

పన్ను లోపలి మజ్జ చచ్చుటకు, వేరు మొదట చీము పట్టుటకు మూలము సూక్ష్మజీవులేనని 1965లో అమెరికాలో ఎలుకలపై జరిగిన ప్రయోగము తేల్చినది. పంటికి రంధ్రము చేసి మజ్జను నోటికి తెరచి ఉంచగా, మామూలు ఎలుకలలో మజ్జ కుళ్ళినది. సూక్ష్మజీవులే లేకుండ పెంచిన ఎలుకలలో గాయము మానినది. కాబట్టి వేరునాళమును శుద్ధి చేయుటయే చికిత్సకు ప్రాణము. దేనితో శుద్ధి చేయవలెనన్నదే వివాదము.

దాదీ వాసన పట్టినది సోడియం హైపోక్లోరైట్. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, హెన్రీ డేకిన్ దీనిని 0.5 శాతం ద్రావణముగా సైనికుల గాయములు కడుగుటకు సిద్ధపరచెను. పంటి వైద్యమున 5.25 శాతము వరకు వాడుదురు. క్రిములను చంపుటయేగాక చచ్చిన మజ్జను కరిగించుట దీని గొప్ప. వేరు కొన దాటినచో లోపలి కండను కాల్చుట దీని ప్రమాదము. అందుకే పంటి చుట్టూ రబ్బరు తెర కట్టి, ఒత్తిడి లేకుండ మెల్లగా ఎక్కించినారు. అంత ఘాటు లేని క్లోర్‌హెక్సిడిన్ చాలదా అని మేము అడిగితిమి. అది క్రిములను చంపును, పంటిని పట్టుకొని కొంతకాలము పనిచేయును, కాని చచ్చిన మజ్జను కరిగించలేదట. రెండింటిని కలిపినచో గోధుమవర్ణపు మడ్డి ఏర్పడి నాళములను మూసివేయునట.

తరువాత నాళములలో ఒక తెల్లని ముద్ద నింపి వారము తరువాత రమ్మన్నారు. కాల్షియం హైడ్రాక్సైడ్ అనగా మరేమో కాదు, తాంబూలపు సున్నమే! శుద్ధిచేసినది, అంతే తేడా. దాని తీవ్రక్షారత్వమును పెక్కు క్రిములు తట్టుకొనలేవు. ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనునది మాత్రము మొండిది. ఒక్క పూట చికిత్సకును, పలు పూటల చికిత్సకును తుది ఫలితమున చెప్పుకోదగిన భేదము కానరాలేదని పరిశోధన సమీక్షలు చెప్పుచున్నవి. అందుచేత మా తొందరపాటు ఒక్కటే నేరమనుకొని కుమిలిన మాకు కొంత ఊరట కలిగినది.

అసలు లోపము వేరొకటి. పై దవడ మొదటి చర్వణకమునకు మూడు వేళ్ళు, కాని నాళములు తరచు నాలుగు. ఆ నాలుగవది సన్ననిది, డెంటిన్ చాటున దాగియుండును. మొదటి చికిత్సలో దానిని తెరువనేలేదు. ఈ వైద్యులు భూతద్దముతో వెదకి పట్టినారు. ఏ మందు మేలని మేము చేసిన చర్చ అంతయు, ఏ మందును చేరని ఆ నాళము ముందు వ్యర్థమే కదా!

వాపు తగ్గినది. దాదీ నిద్రించుచున్నది. తొడుగు లోహముదా, పింగాణీదా అన్నది ఇంట ఇంకను తేలలేదు. అది పడువరకు ఆ వైపు గట్టివి నమలరాదని వైద్యులు హెచ్చరించిరి. నిన్న మధ్యాహ్నము వంటింటి గడప వద్ద ఆమె అదే వైపున వక్క కొరుకుచుండగా పట్టుకొంటిమి.