సరస్సు ఒకటే, పేర్లు రెండు

తెలుగు మీడియంలో చదివి కంప్యూటర్ కోర్సుల్లో చేరిన మాబోటి వాళ్లను మొదట్లో తికమక పెట్టే విషయం ఒకటుంది. హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు అది ముందే తెలిస్తే మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

'వేరియబుల్ అంటే డబ్బా, అందులో విలువ వేస్తాం' అని చెబుతుంటారు. పైథాన్ భాషలో అది డబ్బా కాదు, పేరు మాత్రమే. మన తీరంలోని పులికాట్ సరస్సునే చూడండి. దానికే ప్రళయకావేరి అని మరో పేరు. ముఖద్వారం పూడిపోయి పులికాట్‌లో చేపలు తగ్గితే, ప్రళయకావేరిలోనూ తగ్గినట్లే. పేర్లు రెండైనా నీళ్లు ఒకటే కదా!

ఇప్పుడు హాస్టల్ లెక్కకు వద్దాం. ఉదయం హాజరైన 100 మంది పేర్లు 'హాజరు' అనే లిస్టులో ఉన్నాయనుకుందాం. రాత్రి భోజనానికి మరో లిస్టు కావాలి.

రాత్రి = హాజరు

అని రాస్తే కొత్త లిస్టు పుట్టదు. ఉన్న లిస్టుకే రెండో పేరు పడుతుంది. సాయంత్రం ఊరికి వెళ్లిన ఇద్దరి పేర్లు 'రాత్రి' నుంచి తీసేస్తే 'హాజరు'లోనూ పోతాయి. కంప్యూటర్ ఏ తప్పూ చూపించదు. పొద్దున ఉన్న పిల్లలు మాత్రం లెక్కలో లేకుండా పోతారు. హాజరును బట్టే డైట్ చార్జీలు వచ్చే మనకు ఇది చిన్న సంగతి కాదు.

విడి లిస్టు కావాలంటే ఇలా రాయాలి:

రాత్రి = హాజరు[:]

అప్పుడు నకలు తయారవుతుంది. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. పై రెండు వరుసలూ ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి. అయితే ఒక్కొక్కరి మార్కులు లోపల మరో చిన్న లిస్టుగా ఉంటే ఈ నకలు పైపైనే. లోపలి లిస్టులు ఉమ్మడిగానే ఉంటాయి. అక్కడ 'డీప్ కాపీ' చేయాలి.

పేరును మార్చడం వేరు, సరుకును మార్చడం వేరు. 2022 ఏప్రిల్‌లో తడ మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. పక్కనున్న సరస్సులో నీటిచుక్క కూడా మారలేదు. అలాగే

రాత్రి = []

అని రాస్తే 'రాత్రి' అనే పేరు కొత్త ఖాళీ లిస్టుకు చేరుతుంది. 'హాజరు' చెక్కుచెదరదు.

ఇలా ఎందుకు పెట్టారంటే, పెద్ద లిస్టును ప్రతిసారీ నకలు తీస్తే మెమరీ, సమయం రెండూ వృథా. 1995లో వచ్చిన జావాలోనూ ఆబ్జెక్టుల విషయంలో ఇదే పద్ధతి.

తమ్ముళ్లూ, ఏ భాష నేర్చుకున్నా సమానం గుర్తు కనబడగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది నకలా, రెండో పేరా? జవాబు తెలిసిన నాడు సగం భయం పోతుంది.