పడిన మందు, పడని మందు

మన భాషలో 'పడు' అనే క్రియకు ఎన్ని అర్థాలున్నాయో చెప్పడం నిఘంటుకారులకైనా కష్టమే. వాన పడుతుంది, నిద్ర పడుతుంది, అత్తాకోడళ్ళకు పడదు. అట్లే మందు పడుతుంది, లేదా పడదు. "ఆ మందు నాకు పడలేదు" అన్న వాక్యంలో వైద్యునిపై నింద లేదు, మందుపైనా నింద లేదు. ఆ ఒంటి తత్త్వానికి, ఆ మందుకు పొత్తు కుదరలేదన్న అనుభవం మాత్రమే ఉన్నది. డాక్టర్లు సైడ్ ఎఫెక్ట్ అనే దానిని పత్రికలవారు 'దుష్ప్రభావం' అని తెనిగించారు. మా పల్లె ఆడవారి 'పడలేదు' అన్న మాటే నాకు మెరుగైన అనువాదంగా తోస్తుంది. ఒకరికి పడనిది మరొకరికి పడవచ్చునన్న సత్యం ఆ మాటలోనే ఇమిడి ఉన్నది.

గర్భనిరోధక సాధనాలను గురించి ఆలోచిస్తూండగా ఈ మాట తలపునకు వచ్చింది. అరవై దాటిన తెలుగు పంతులమ్మకు ఈ ప్రసంగమెందుకని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. పండిత శిక్షణలో ప్రబంధనాయికల ఆపాదమస్తక వర్ణనలకు ప్రతిపదార్థాలు వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే గదా! అదే స్త్రీ శరీరపు నొప్పిని, నెత్తురును గురించి మాట్లాడవలసి వచ్చేసరికి సిగ్గు అడ్డురావడం న్యాయం కాదు.

మాది జోగులాంబ గద్వాల జిల్లా వడ్డేపల్లి. 2016లో జిల్లాల విభజన జరిగేవరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. మా వైపు "ఆపరేషన్ అయిందా?" అని ఒక ఆడమనిషిని అడిగితే, ఏ ఆపరేషన్ అని ఆమె తిరిగి అడగదు. ఆ మాటకు ఒకటే అర్థం. పత్రికలలో కు.ని. శస్త్రచికిత్స అని కనబడేది అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల మధ్య వయస్సు గల వివాహిత స్త్రీలలో తెలంగాణలో సుమారు 62 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు. దేశం మొత్తంమీద 38 శాతం. మగవారి ఆపరేషన్ దేశం మొత్తంమీద 0.3 శాతం. మాత్రలు, కాపర్-టీ, సూది, నిరోధ్ వాడేవారు మన రెండు రాష్ట్రాలలోను అతి స్వల్పం. హార్మోను ఉన్న సాధనమా, లేనిదా అన్న ప్రశ్న మన ఆడవారిలో అత్యధికులను చేరనే లేదు. ప్రశ్నకంటె ముందే సమాధానం వచ్చి కూర్చున్నది.

దీనికి చరిత్ర ఉన్నది. 1965లో ప్రభుత్వం లూపును దేశమంతటా ప్రవేశపెట్టింది. మా మేనత్త వేయించుకున్నది. నెలల తరబడి నెత్తురు పోయింది. వేసిన శిబిరం ఎత్తివేశారు, తీసేవారు లేరు. చివరకు తీయించుకున్నది గానీ, ఆమె పడిన బాధ కథగా మారి మా బంధువర్గంలో మూడు తరాల ఆడవాళ్ళకు చేరింది. ఆ తరువాత వచ్చిన కాపర్-టీని కూడా మా వాళ్ళు లూపు అనే పిలిచి, లూపు అనే భయపడ్డారు. ఇక 1976-77 అత్యవసర పరిస్థితి సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో మగవారివే అధికం, అనేకం బలవంతంవి. ఆ దెబ్బతో మగవారి జోలికి పోవడానికి ఏ ప్రభుత్వమూ సాహసించలేదు. భారమంతా ఆడవారి కడుపుమీదికి వచ్చింది.

నా పినతల్లి కూతురికి ఇరవై మూడో ఏట, ఇద్దరు బిడ్డల తరువాత, ఆపరేషన్ అయింది. మరుసటి ఏడాది కొడుకు జ్వరంతో పోయాడు. నాళాలు తిరిగి కలిపించుకోవడానికి అప్పుచేసి పట్నం పోయింది. శస్త్రచికిత్స అయితే జరిగింది, గర్భం నిలవలేదు. ఆమెకు ఆపరేషన్ 'పడింది' అనే చెప్పాలి. ఒక్కనాడు కడుపునొప్పి రాలేదు. కానీ మనసు మారినప్పుడు వెనుకకు తిరిగే దారి దానిలో లేదు. ఆ సంగతి ఆమెకు ముందుగా ఎవరూ విడమరచి చెప్పలేదు.

పోయిన ఏడాది నా పూర్వ విద్యార్థిని ఒకతె వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు, పద్నాలుగు నెలల బిడ్డ. "టీచరమ్మా, సిస్టరేమో సూది ఏయించుకో అంటది. మా యత్తేమో ఇంగొకర్ని కని ఆపరేషన్ జేయించుకో అంటది. ఏది దేనికి మంచిదో ఎవరు జెప్తలేరు. మీరన్న సదివి జెప్పుండ్రి" అన్నది. వైద్యం చెప్పే అర్హత నాకు లేదు. తెలుగు చెప్పే అర్హత ఉన్నది. డాక్టరుగారిని ఏమడగాలో తెలుసుకుందామని ఇద్దరం కూర్చున్నాము.

హార్మోను అంటే ఏమిటన్నది మొదటి ప్రశ్న. మా కాలపు పాఠ్యపుస్తకాలలో 'వినాళ గ్రంథుల స్రావం' అని ఉండేది. నాళం లేని గ్రంథి నుండి నేరుగా నెత్తురులో కలిసేది. ఆ పేరులోనే సగం విషయం ఉన్నది. నెత్తురులో కలిసినది ఒళ్ళంతా తిరుగుతుంది. కనుక హార్మోను మాత్ర గర్భాన్ని ఆపడంతోపాటు కొందరికి తలనొప్పిగా, కొందరికి వికారంగా, కొందరికి మనసు చిరాకుగా కనబడవచ్చు. రాగి తీగ చుట్టిన కాపర్-టీ గర్భాశయంలోనే ఉండి వీర్యకణాలను నిర్వీర్యం చేస్తుంది. దాని ఇబ్బందీ అక్కడే: ముట్టు ఎక్కువ కావడం, కడుపు మెలిపెట్టడం, ముఖ్యంగా మొదటి మూడు నుండి ఆరు నెలలు. "అది గుండెకెక్కుతదంట గదా?" అని అడిగింది. ఎక్కదు. గర్భాశయం నుండి గుండెకు దారి లేదు. వేసేటప్పుడు గర్భాశయ గోడకు గాయం కావడం వెయ్యిమందిలో ఒకరికి జరగవచ్చు. కొందరికి దానంతట అదే జారిపోవచ్చు.

మాలా-ఎన్ పొట్లంలో 28 మాత్రలు. 21 హార్మోనువి, మిగిలిన ఏడు ఇనుమువి. రోజూ మరువకుండా వేసుకోవాలి. నెత్తురు గడ్డకట్టే ప్రమాదం కొంచెం పెరుగుతుంది: మాత్ర వాడని పదివేలమందిలో ఏడాదికి ఒకరి నుండి ఐదుగురికి, వాడేవారిలో ముగ్గురి నుండి తొమ్మండుగురికి. గర్భిణులలో అది ఐదుగురి నుండి ఇరవైమంది వరకు ఉంటుందని కూడా చెప్పకపోతే ఆ లెక్క సగమే చెప్పినట్లు. రక్తపోటు ఉన్నవారికి, 35 దాటి పొగ త్రాగేవారికి, కళ్ళముందు మెరుపులు కనబడి ఆపైన ఒంటిప్రక్క తలనొప్పి వచ్చేవారికి ఈ మాత్ర తగదు. ఆ చివరి మాట వినగానే మా అమ్మాయి తలయెత్తింది. ఆమెకు పెళ్ళికి ముందునుండి అదే తలనొప్పి. ఆ సంగతి అంతవరకు ఎవరూ అడగలేదు.

ఇక సూది. 2017లో 'అంతర' అన్న పేరుతో జాతీయ కార్యక్రమంలోకి వచ్చింది. మూడు నెలలకొకసారి. రోజూ గుర్తుంచుకోవలసిన పని లేదు, అత్తకు తెలియనవసరం లేదు. మొదటి నెలల్లో వేళాపాళా లేకుండా నెత్తురు కనబడవచ్చు, తరువాత ముట్టు పూర్తిగా ఆగిపోవచ్చు. కొందరు బరువు పెరుగుతారు. ఎముకల సాంద్రత కొంత తగ్గి, మానివేశాక తిరిగి కోలుకుంటుంది. చివరి సూది తరువాత గర్భం నిలవడానికి సగటున తొమ్మిది పది నెలలు పడుతుంది. ముట్టు ఆగితే చెడునెత్తురు లోపల గడ్డకడుతుందని మా వైపు గట్టి నమ్మకం. గర్భాశయపు పొర పెరగనే పెరగదు గనుక నిలవ ఉండడానికి అక్కడ ఏమీ లేదని చెప్పాను. అయినా, నెలలో పదిహేను దినాలు నెత్తురు కనబడితే ఆ పదిహేను దినాలూ వంటింటికి, దేవుని గూటికి దూరంగా కూర్చోబెట్టే ఇల్లు ఆమెది. డాక్టరుకు అది చిన్న ఇబ్బంది కావచ్చును. ఆమెకు అది సగం కాపురం.

ఆమె పనినీ లెక్కలోకి తీసుకోవాలి. మా ప్రాంతం పత్తి విత్తనాలకు పేరుపడినది. సాయంత్రం మొగ్గలోని కేసరాలను గిల్లివేసి, మర్నాటి ఉదయం మగపువ్వు పుప్పొడిని అద్దుతారు. క్రాసింగు అంటారు. ఆ నెలల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే చేలోకి పోతారు. చేలో మరుగు ఉండదు. ముట్టు అధికమయ్యే సాధనం ఇంటిపట్టున ఉండే నాకొక తీరు, చేలో నిలబడే ఆమెకొక తీరు. పైగా ఆమెకు హిమోగ్లోబిన్ తొమ్మిది గ్రాములు. తెలంగాణలో 15-49 ఏండ్ల స్త్రీలలో వందకు యాభై ఏడుగురికి పైగా రక్తహీనత ఉన్నదని అదే సర్వే చెప్పింది. కాపర్-టీ మేలైన సాధనమే. ఏడాదిలో విఫలమయ్యేది వందకు ఒకరికంటె తక్కువ. పదేళ్ళు పనిచేసే రకం ఉన్నది, తీయించగానే గర్భం నిలుస్తుంది. ఆమె నెత్తురుకు మాత్రం అది అప్పటికి తగిన బేరం కాదేమో.

ఇంతవరకు వచ్చాక నాకొకటి స్పష్టమైంది. హార్మోను ఉన్నదా, లేదా అన్నది ఒక కొలత. పడనప్పుడు మానివేసే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నది రెండవ కొలత. మాత్ర రేపు మానవచ్చు, ఎవరినీ అడగనక్కరలేదు. కాపర్-టీని తీయడానికి నర్సు కావాలి, ఆమె 'ఇంకొన్నాళ్ళు చూడమ్మా' అనకుండా తీయాలి. సూది ఒంట్లోకి పోయాక మూడు నెలలు దాని రాజ్యమే. నిరోధ్ మగవాని చేతిలో ఉన్నది. సుఖరోగాలనుండి కూడా కాపాడేది అదొక్కటే. ఆపరేషన్ ఎవరి చేతిలోనూ లేదు.

ఈ రెండవ కొలతను మన తెలుగు స్త్రీలే న్యాయస్థానం దాకా తీసుకుపోయారు. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోను సూదిని పరీక్షార్థం వేయబూనారు. అది పరీక్ష అన్న సంగతి అక్కడికి వచ్చిన ఆడవారికి తెలియదని హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన సభ్యులు గుర్తించి ప్రశ్నించారు. 1986లో ఢిల్లీలోని సహేలి వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. అది 2000లో ముగిసింది; తగిన సలహా, పర్యవేక్షణ లేనిచోట ఆ సూదిని సామూహికంగా వాడబోమని ప్రభుత్వం చెప్పవలసివచ్చింది. సూది మంచిదా చెడ్డదా అన్న వాదం వైద్యులకు వదిలినా, తెలియనిదానికి తల ఊపడం సమ్మతి కాదన్నది వారు నేర్పిన పాఠం. దానిని మనం పూర్తిగా నేర్వలేదు. ఆపరేషన్ శిబిరాలను మూడేళ్ళలో మానివేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒకే దినం 34 మందికి ఆపరేషన్లు జరిగాయి. వారిలో నలుగురు తల్లులు మరణించారు.

రెండవసారి మా అమ్మాయి భర్తను వెంటబెట్టుకొని వచ్చింది. అతడు అరుగుమీదనే కూర్చుండి, చాలాసేపటికి ఒక ప్రశ్న అడిగాడు. "మగోళ్ళు ఆపరేషన్ జేయించుకుంటే మూటలు మోయలేరంట గదా, టీచరమ్మా?" మోయగలరని, కోత కుట్లు లేని ఆ చిన్న ఆపరేషన్ తరువాత కొన్ని దినాలు బరువులు ఎత్తకుంటే చాలునని, మూడు నెలలు గడిచి పరీక్షలో సరేనన్నదాకా వేరే జాగ్రత్త అవసరమని చెప్పాను. రెండో బిడ్డ తరువాత ఆలోచిస్తానన్నాడు. ఆ మాటను నేను చిన్నదిగా అనుకోను.

ఆమె డాక్టరుతో మాట్లాడి 'ఛాయ' మాత్ర ఎంచుకున్నది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో రూపొంది, 1991లో 'సహేలి' పేరుతో బజారులోకి వచ్చిన మందే అది. స్టెరాయిడ్ హార్మోను కాదు. ఈస్ట్రోజెన్ వచ్చి తట్టే తలుపు దగ్గర తాను నిలబడి గర్భాశయంలో దాని పనిని అడ్డుకుంటుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికొకటి. ముట్టు ఆలస్యం కావడం, కొద్దిగా మాత్రమే కావడం దాని ఇబ్బందులు. రక్తం తక్కువున్న ఆమెకు ఆ రెండవది ఇబ్బంది కాలేదు. అండాశయాలలో నీటితిత్తులున్నవారికి, కాలేయ వ్యాధి ఉన్నవారికి అది తగదు. కనుక ఈ టపా చదివి ఎవరూ ఆమె మందును తమకు వ్రాసుకోవద్దు.

మొదటి నెలలో ముట్టు పన్నెండు దినాలు ఆలస్యమైంది. భయపడలేదు, అట్లు కావచ్చునని ముందే విన్నది గనుక ఆరోగ్య కేంద్రానికి పోయి పరీక్ష చేయించుకున్నది, గర్భం కాదని తేలింది. ఆదివారం, బుధవారం మాత్ర వేసుకొని క్యాలెండరులో సున్న చుట్టేది. మూడు నెలల తరువాత బుధవారపు సున్నలు ఆగిపోయాయి. "ఇప్పటికైతే పడింది, టీచరమ్మా. పడకుంటె మానేస్త" అన్నది. ఇంట్లో అత్తకు కూడా అదే మాట చెప్పిందట.