పెదబయలులో పెద్దత్తగారు

కార్తీకమాసంలో చుట్టాలు రావడం ఎవరింటికైనా మామూలే. పెదబయలులో కాపురముంటున్న మాకు మరీ మామూలు. వానలు వెనకబడి, కొండవాలులన్నీ వలిసెపూలతో పసుపు ఆరబోసినట్టు మెరిసే రోజులకి మా ఆడపడుచుకి మా మీద ప్రేమ పొంగుకొస్తుంది. మాకూ సంతోషమే. కాని యీసారి వాళ్ళ కారులోంచి పిల్లలు దిగేక, ఫలహారాల డబ్బాలు దిగేక, ఒక చేత చేతికర్ర పట్టుకుని, రెండో చేత్తో వెనకనున్న పెద్ద నీళ్ళడబ్బా చూపిస్తూ "నెమ్మదిగా దింపండర్రా!" అని పెద్దత్తగారు దిగేసరికి నేనూ మావారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఆవిడ మా అత్తగారి అక్కగారు. ఎనభై ఏళ్ళు. కాశీ వెళ్ళేరు, రామేశ్వరం వెళ్ళేరు, మనవరాలి పురుటికి అమెరికా కూడా వెళ్ళొచ్చేరు. చోడవరంలో ఆవిడ డాబా మీదికెక్కితే పడమట నీలంగా కనిపించే కొండలవైపు మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క అడుగు వెయ్యలేదు. ఎందుకో మా కుటుంబంలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆవిడ తండ్రిగారు 1952లో మాచ్‌ఖండ్ పనుల్లో సామాన్ల లెక్కలు రాసే గుమాస్తాగా కొండెక్కేరు. ఆరు నెలలకి చలిజ్వరంతో దిగేరు. మళ్ళీ మంచం మీంచి లేవలేదు. అప్పటికి యీవిడకి ఏడేళ్ళు. "మన్యం నీళ్ళు పడలేదు" అని ఇంట్లో పెద్దలు అనుకున్నారు. ఆ ఒక్క మాట ఆవిడ మనసులో బండలా నిలిచిపోయింది.

పాపం, నీళ్ళదేం తప్పులేదు. మలేరియాని మోసేది దోమ అని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897లో. అయినా ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళపాటు మైదానాల వాళ్ళకి మన్యం అంటే జ్వరమే. బదిలీ కాగితం వస్తే ఇంట్లో ఏడుపులు పెట్టిన రోజులవి. దేశమంతటా డి.డి.టి. చల్లి దోమల పని పట్టే పెద్ద కార్యక్రమం మొదలైంది 1953లో. ఒక్క ఏడాది తేడా! యీ లెక్క నేను పెద్దత్తగారితో ఎప్పుడూ అనలేదు. ఇప్పటికీ వానాకాలంలో ఇక్కడ మలేరియా తగుల్తూనే వుంటుంది. దోమతెర కట్టుకోకుండా మేము పడుకోం. కాని రక్తం చూసి జ్వరం పేరు చెప్పేవాళ్ళు వున్నారు, మందు వుంది.

"ఒకసారి చూసిపోదామని వచ్చేనర్రా" అన్నారు ఆవిడ, అడక్కుండానే.

కాళ్ళు కడుక్కుందామని వాకిట్లోకి వచ్చేరో లేదో, మెట్టుకి అడ్డంగా చోడిగాడు పడుకుని వున్నాడు.

చోడిగాడు మా కుక్క. మా కుక్క అని మేమంటాం. మా ఇంటి యజమానురాలైన అవ్వ తన కుక్క అంటుంది. వాడు మాత్రం పొద్దున్న అవ్వ వెంట పొలానికి పోయి, మధ్యాహ్నం మావారి వెంట తిరిగి, రాత్రి ఇద్దరిళ్ళలోనూ తిని, మధ్యనున్న అరుగు మీద పడుకుంటాడు. చోళ్ళ రంగులో వుంటాడు కనక ఆ పేరు. చోళ్ళంటే రాగులు. ఇక్కడి అంబలి వాటితోనే.

"దూరం! దూరం!" అని పెద్దత్తగారు కర్ర ఎత్తేరు. చోడిగాడు మర్యాదగా లేచి, రెండడుగులు పక్కకి వేసి, మళ్ళీ పడుకున్నాడు. ఆవిడ మడి, ఆవిడ నీళ్ళడబ్బా, ఆవిడ భయం. "కరిస్తే బొడ్డుచుట్టూ పధ్నాలుగు సూదులు" అని పిల్లల్ని కేకలేసేరు. ఆ పధ్నాలుగు సూదుల కాలం పోయిందనీ, ఇప్పుడు కరిచినా నాలుగైదు సూదులు చేతికే వేస్తారనీ, అసలు వీడికి పశువుల ఆసుపత్రిలో ఏటేటా సూది వేయిస్తున్నామనీ మావారు చెప్పేరు. ఆవిడ వినిపించుకోలేదు.

ఇక మా వూరి సంగతి. పేరుకు తగ్గట్టు చుట్టూ కొండలూ, మధ్య పెద్ద బయలూ. విశాఖపట్నం నుంచి వచ్చేవాళ్ళు చోడవరం, మాడుగుల దాటి, గరికిబంద దగ్గర కొండ ఎక్కడం మొదలుపెడతారు. ఘాట్ రోడ్డు మీద మోదకొండమ్మ అమ్మవారి పాదాల దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుంటారు. మిట్టమీద వెండి ఓకు చెట్లూ, వాటికి అల్లుకున్న మిరియాల తీగలూ, వాటి నీడన కాఫీ మొక్కలూ కనిపిస్తాయి. పాడేరు వచ్చేసరికి ఇంచుమించు మూడువేల అడుగుల ఎత్తు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి అదే ముఖ్యపట్నమయింది. అక్కణ్ణుంచి ఇంకా లోపలికి వస్తే మేము. సంతరోజున తప్ప వూరు నిద్రపోతున్నట్టే వుంటుంది. సంతరోజున మాత్రం కాలు పెట్టడానికి చోటుండదు. చింతపండు, పసుపు, రాజ్మా గింజలు, కొండచీపుళ్ళు, అడ్డాకుల కట్టలు పైనుంచి వస్తాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు కిందనుంచి వస్తాయి. మా ఆడపడుచు రాజ్మా బేరమాడబోయి, అవతలి ఆమె తెలుగూ ఒరియా కలిసిన భాషలో ఒక్క మాట అనేసరికి నోరు మూసుకుని అడిగినంతా ఇచ్చి వచ్చింది. ఆ మాటేమిటో మాకెవరికీ అర్థం కాలేదు.

మర్నాడు వనభోజనం. ఎక్కడికని పిల్లలు అడిగితే "మత్స్యగుండం" అన్నారు మావారు. హుకుంపేట మండలంలో, మఠం గ్రామం దగ్గర వుంది. జీపు మాట్లాడేం. అవ్వని కూడా రమ్మన్నాం. పెద్దత్తగారు ముందు సీట్లో కూర్చున్నారు. చోడిగాణ్ణి అరుగు మీద వదిలేసేం.

అరమైలు పోయేమో లేదో, మా మేనల్లుడు "అత్తా, చోడి!" అని అరిచేడు. వెనక్కి చూస్తే దుమ్ములో వాడు, నాలుక బైట పెట్టి, పరిగెత్తుకొస్తున్నాడు. "వాడే తిరిగిపోతాడులెండి" అన్నాడు డ్రైవరు. ఇంకో మలుపు తిరిగేం. వాడు ఇంకా వస్తూనే వున్నాడు. ఎవరమూ ఏమీ అనలేదు. ఎందుకంటే, అనవలసిన మనిషి ముందు సీట్లో వున్నారు.

"ఆపవయ్యా బండి" అన్నారు పెద్దత్తగారు. "రొప్పుతున్నాడు, కనిపించటం లేదూ?"

అలా చోడిగాడు జీపెక్కేడు. ఎక్కి, ఇంతమందిమి వుండగా మమ్మల్నందర్నీ దాటుకుని పోయి, ముందు సీటు కింద, సరిగ్గా ఆవిడ పాదాల దగ్గర చతికిలబడ్డాడు. ఆవిడ మడి సంచీ ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఇంటికెళ్ళి తలస్నానం చేస్తాను" అని మాత్రం అన్నారు.

దారిలో మావారు పిల్లలకి కథ చెప్పేరు. ఒడ్డాదిని ఏలిన రాజులకి మత్స్యవంశం అని పేరు. 1269 నాటి దిబ్బిడ శాసనంలో ఆ పేరుకి కారణం వుంది. మత్స్యనది ఒడ్డున ఒక ముని తపస్సు చేసుకుంటూంటే ఒక అప్సరస వచ్చి తపస్సు చెడగొట్టింది. ముని కోపించి ఆమెని చేపవై పొమ్మన్నాడు. ఆ చేపకి పుట్టిన కొడుకే యీ రాజుల మూలపురుషుడు. "అయితే గుండంలో వున్న చేపలు రాజులకి చుట్టాలా?" అని అడిగింది మేనకోడలు. అవునన్నారు మావారు. మరి చుట్టాల్ని ఎవరు తింటారు!

నిజంగానే ఎవరూ తినరు. మత్స్యగుండంలో చేప పట్టరు, పట్టనివ్వరు. ఒడ్డున మత్స్యలింగేశ్వరస్వామి గుడి వుంది, శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీరులోనే యీ గుండం సంగతి వుంది: ఏటికి అడ్డంగా బండలు, వాటి కిందికి నీరు దూరి మాయమై, వంద గజాల దిగువున మళ్ళీ బైటపడడం, అక్కడి మడుగు నిండా మహాసీర్ చేపలు, మనుషుల చేతిలోంచి తినేటంత మచ్చిక. ఇది చదివి నేను కొంచెం ఎక్కువ రాసుంటారనుకున్నాను. చూసేక ఆ అనుమానం పోయింది. పిల్లలు మరమరాలు చల్లగానే నీళ్ళు మరిగినట్టు కదిలి, నల్లటి వీపులు ఒకదాని మీదొకటి పైకొచ్చేయి. మా మేనల్లుడు చెయ్యి నీళ్ళలో పెట్టి, వేళ్ళకి మూతులు తగిలేసరికి కెవ్వుమని నవ్వేడు.

అంతలో నాకు గుండె ఝల్లుమంది. చోడిగాడు! బండ అంచున ముందుకాళ్ళు వంచి, చెవులు నిక్కించి, దూకడానికి సిద్ధంగా వున్నాడు. వందల ఏళ్ళుగా ఎవరూ ముట్టని చేప, వీడి నోట పడితే? గుడి దగ్గర జనం వున్నారు. మేము పరాయివాళ్ళం, ఆ కుక్కని తెచ్చినవాళ్ళం. మావారు గుడి మెట్ల మీద వున్నారు, నేను అవతలి బండ మీద వున్నాను.

"ఒరే!" అని ఒక్క కేక వినిపించింది. పెద్దత్తగారు కర్ర కింద పడేసి, రెండు చేతులతో వాడి మెడ పట్టుకుని వున్నారు. ఎప్పుడు నడిచేరో, ఎలా వంగేరో! మేము చేరేసరికి మడిసంచీ తాడు ఊడదీసి వాడి మెడకి ముడి వేస్తున్నారు. మిగిలిన పూటంతా ఆ తాడు ఆవిడ చేతిలోనే వుంది. మేము తీసుకుంటామంటే ఇవ్వలేదు.

దిగువన కొంచెం దూరంలో ఉసిరిచెట్టొకటి దొరికింది. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, అవ్వ వండి తెచ్చిన రాజ్మా కూర. అడ్డాకుల విస్తళ్ళు, వెదురుపుల్లలతో కుట్టినవి. వేడి అన్నం వడ్డిస్తే ఆకు వాసన లేస్తుంది చూడండి, ఆ వాసనకే సగం కడుపు నిండుతుంది. చోడిగాడికీ ఒక విస్తరి వేసేం, కాస్త ఎడంగా. పెద్దత్తగారే వెయ్యమన్నారు.

రెండో ముద్దకి ఆవిడకి పొలమారింది. దగ్గు ఆగటం లేదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నీళ్ళడబ్బా జీపులో, జీపు గట్టు మీద. ఆడపడుచు లేచి పరిగెత్తబోయింది. అవ్వ తన చెంబు అందించి, "తాగమ్మా, ఇంటి దగ్గర కాచి తెచ్చినవే" అంది. పెద్దత్తగారు చెంబు వంక ఒక్క క్షణం చూసేరు. తర్వాత ఎత్తి గడగడా తాగేసేరు.

మేమెవరమూ మాట్లాడలేదు. అవ్వకి యీ సంగతులేవీ తెలియవు కనక, ఆవిడ నెత్తిమీద తడుతూ, "ఎవరో తలుచుకుంటన్నారమ్మా" అంది.

"నాన్న అయివుంటాడు" అన్నారు పెద్దత్తగారు. అని, పులిహోర బాగుంది, ఇంకొంచెం వెయ్యమన్నారు.

భోజనాలయ్యేక మేనల్లుడికి సందేహం వచ్చింది, యీ నీళ్ళు మా విశాఖ సముద్రానికి వస్తాయా అని. రావు. తూర్పున అంత దగ్గర్లో సముద్రం వున్నా, మత్స్యగెడ్డ దానికి వీపు తిప్పి పోతుంది. మా వైపు ఏటిని గెడ్డ అంటారు. పెదబయలు, ముంచంగిపుట్టు ప్రాంతాల మీదుగా జోలాపుట్ జలాశయంలో కలుస్తుంది, అక్కణ్ణుంచి మాచ్‌ఖండ్ పేరుతో డుడుమ దగ్గర అయిదువందల అడుగుల పైనుంచి దూకి, సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. అంత దూరం తిరిగి చివరికి సముద్రం చేరుతుంది. ఆ దూకే నీటితోనే 1955లో మాచ్‌ఖండ్ కరెంటు మొదలైంది. ఆంధ్ర, ఒరిస్సాలు రెండూ కలిసి పంచుకున్న కరెంటు. విశాఖ వీధుల్లో ఆ దీపాలు వెలిగేయి. జోలాపుట్ కింద మునిగిన పల్లెల వాళ్ళు మాత్రం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయేరు. ఇదంతా మావారు పిల్లలకి చెప్తూంటే పెద్దత్తగారు వింటున్నారని నేను గమనించలేదు.

"అయితే యీ నీళ్ళే అక్కడికి వెళ్తాయా?" అన్నారు.

"ఇవే, పెద్దమ్మా."

ఆవిడ సంచీలోంచి ఆవునేతి వత్తులు తీసేరు. అవ్వ ఒక అడ్డాకు తుంచి, పుల్ల గుచ్చి దొన్నె చేసి ఇచ్చింది. పట్టపగలు దీపమేమిటని ఎవరూ అడగలేదు. ఆవిడ తాడు మొదటిసారిగా నా చేతికిచ్చి, నీటి అంచున కూర్చుని, దీపం వెలిగించి వదిలేరు. దొన్నె ఒక రాయి దగ్గర ఆగింది. కాసేపు అక్కడే తిరిగింది. తర్వాత ప్రవాహం అందుకుని పోయింది. ఎండలో మంట కనిపించలేదు, దొన్నె మాత్రం మలుపుదాకా కనిపించింది.

ఇంటికి వచ్చేక ఆవిడ తలస్నానం చేసేరు, అన్న మాట ప్రకారం. ఆ రాత్రి చోడిగాడు అరుగు మీద కాకుండా లోపల ఆవిడ మంచం కింద పడుకున్నాడు. దోమతెర చివర వాడి తోక మీద పడిందని రెండుసార్లు లేచి సర్దేరట. ఆడపడుచు చెప్పింది.

ఎల్లుండి పొద్దున్న వాళ్ళు దిగిపోయేరు. నీళ్ళడబ్బా ముప్పాతిక భాగం అలాగే వుండిపోయింది. ఖాళీ చేసి డబ్బా చోడవరం పంపుతామంటే, "వుంచుకోండి, వచ్చే ఏడు నాకెందుకు?" అన్నారు.

మొన్న టెలిఫోను చేసేరు. మా కుశలం అడిగేరు, మావారి దగ్గు అడిగేరు. పెట్టేయబోతూ, "ఔనూ, వాడికి ఏటేటా వేసే సూది, యీ ఏడుది వేయించేరా?" అన్నారు.