కలిసి ఉండాలంటే ఎంత కట్టాలి?

ఈ సంచికకు ఏదైనా రాయమని మా తెలుగు టీచర్ చెప్పినప్పుడు మొదట బీదర్ కోట గురించి రాద్దామనుకున్నాను. కానీ కోట గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకే నేను ఈసారి మా ఇంటి బీరువాలో దొరికిన ఒక కాగితం గురించి రాస్తున్నాను.

పోయిన జూన్‌లో పదో తరగతి రిజిస్ట్రేషన్‌కు బడిలో ఆధార్ జిరాక్స్ అడిగారు. బీరువాలో వెతుకుతుంటే పాత పాస్‌పోర్టుల మధ్య నాలుగు మడతలు పెట్టిన నోటుబుక్కు కాగితం దొరికింది. దాని మీద మా బాపు చేతిరాత. 2017 దగ్గర 100, 2018 దగ్గర 200, 2019 దగ్గర 300, 2020 దగ్గర 400 అని ఉంది. కింద "ఇద్దరికి" అని ఒక లెక్క, "ముగ్గురికి" అని ఇంకో లెక్క. అన్నిటి కింద 14,400 అని రాసి దాని చుట్టూ రెండుసార్లు గీత గీసి ఉంది.

"అమ్మా, ఇదేం లెక్క?" అని అడిగాను. అమ్మ చేతిలోని చీపురు పక్కన పెట్టి కూర్చుంది. "గది మన ఇకామా లెక్క బిడ్డా. గందుకే మనం వాపస్ వచ్చినం" అంది.

నాకు ఒక్క నిమిషం మాట రాలేదు. ఎందుకంటే ఏడేళ్లుగా నాకు తెలిసిన కారణం వేరు. నాయనమ్మకు ఒంట్లో బాగాలేదు, చూసుకునేవాళ్లు లేరు, అందుకే వచ్చేశామని చెప్పారు. అది నమ్మి నేను లోలోపల నాయనమ్మ మీద కోపం పెట్టుకున్నాను. ఆమె వల్లే మా బాపు మాకు దూరమయ్యాడని అనుకునేదాన్ని. ఆమె పిలిస్తే ఒక్కోసారి వినిపించనట్టు ఉండేదాన్ని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజమే రాయాలి కదా.

మా బాపు సౌదీ అరేబియాలో దమ్మాం అనే ఊళ్లో ఏసీ మెకానిక్. నాకు రెండేళ్లప్పుడు అమ్మనూ నన్నూ ఫ్యామిలీ వీసా మీద తీసుకుపోయాడు. ఆ ఊరు నాకు కొంచెం కొంచెం గుర్తుంది. శుక్రవారం సాయంత్రం సముద్రం ఒడ్డున చాప పరిచి కూర్చునేవాళ్లం. బాపు పెద్ద ఫ్లాస్కులో చాయ్ తెచ్చేవాడు. నేను బాపు భుజాల మీద ఎక్కి ఓడలు లెక్కపెట్టేదాన్ని.

2017 జూలైలో అక్కడి ప్రభుత్వం కొత్త ఫీజు పెట్టింది. బయటి దేశం నుంచి వచ్చి పనిచేసేవాళ్లు భార్యాపిల్లలను దగ్గర పెట్టుకుంటే, ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లు కట్టాలి. ఏటా జూలైలో అది మరో 100 పెరుగుతూ 2020 నాటికి నెలకు 400 అవుతుందని ముందే చెప్పేశారు. ఇకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే కార్డు, రెన్యువల్ చేయించుకునేటప్పుడు అప్పట్లో ఏడాది సొమ్మంతా ఒకేసారి ముందే కట్టాల్సి వచ్చేది.

బాపు జీతం అప్పుడు నెలకు 3,000 రియాళ్లు. అమ్మ కడుపులో తమ్ముడు ఉన్నాడు. అంటే "ఇద్దరికి" కాస్తా "ముగ్గురికి" అవుతుంది. నెలకు 400, ముగ్గురికి 1,200, పన్నెండు నెలలకు 14,400. అంటే ఏడాదిలో దాదాపు ఐదు నెలల జీతం మేము ఆయనతో ఉన్నందుకే పోతుంది. ఇంటి కిరాయి, నా బడి ఫీజు, తిండి వేరే. ఈ లెక్కను నేను మళ్లీ చేసి చూశాను. బాపు తొమ్మిదో తరగతిలోనే చదువు మానేశాడు, కానీ లెక్కలో ఒక్క తప్పు కూడా లేదు. తప్పు ఉంటే బాగుండేది అనిపించింది.

2018 మార్చిలో అమ్మా నేనూ ఫైనల్ ఎగ్జిట్ మీద బీదర్ వచ్చేశాం. ఆ రెండు మూడేళ్లలో హైదరాబాద్ వైపు నుంచి పోయిన కుటుంబాలు చాలా ఇలాగే వచ్చేశాయని అమ్మ చెప్పింది. మొగవాళ్లు అక్కడే రూముల్లో కలిసి ఉండి పనిచేసుకుంటూ, ఆడవాళ్లనూ పిల్లలనూ విమానం ఎక్కించారట. ఆగస్టులో ఇక్కడే తమ్ముడు పుట్టాడు. బాపు వాణ్ణి మొదటిసారి ఫోన్‌లో చూశాడు. ఎత్తుకున్నది మాత్రం వాడు నడక నేర్చాక.

వాడికి బాపు అంటే ఫోనే. పోయిన ఏడాది బాపు రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు ఒక సంగతి జరిగింది. తమ్ముడు బంతి ఆడుతూ పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టాడు. బాపు ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీడు అమ్మ ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి పోయి బాపుకు వాట్సాప్ కాల్ చేశాడు. "బాపూ, ఒక మాట చెప్త, కొట్టవు కద?" అని. బాపు జేబులో ఫోన్ మోగింది. ఎత్తాడు. "చెప్పు బిడ్డా" అన్నాడు. ఇద్దరి మధ్యా ఒక్క గోడే అడ్డం. ముందు మేమందరం నవ్వాం. తర్వాత బాపు లేచి దొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు.

ఆ కాగితం దొరికాక నేను మా సోషల్ సార్‌ను అడిగాను. "సార్, కుటుంబంతో ఉన్నందుకు పన్ను వేయొచ్చా?" సార్ కాసేపు ఆలోచించి, "గాంధీగారు దక్షిణాఫ్రికాలో దేని మీద పోరాడారో చదివావు కదా, ఆ మూడు పౌండ్ల పన్ను ఎవరెవరి మీద పడిందో చూసి రా" అన్నారు. బడి లైబ్రరీలో చూశాను.

1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ల పాటు చెరకు తోటలకు ఇలా పోయినవాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ చాలా మంది ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందం ముగిశాక ఇంటికి పోకుండా అక్కడే స్వేచ్ఛగా బతకాలనుకునేవాళ్ల మీద నేటాల్ ప్రభుత్వం ఏటా తలకు మూడు పౌండ్ల పన్ను వేసింది. అది మగవాడి ఒక్కడి మీదే కాదు. భార్య మీదా, పదహారు దాటిన కొడుకు మీదా, పదమూడు దాటిన కూతురి మీదా వేశారు. నా వయసు పదిహేను. అంటే నా తల మీద కూడా మూడు పౌండ్లు పడేవి.

నలుగురున్న ఇంటికి ఏడాదికి పన్నెండు పౌండ్లు. అలాంటి కూలీ సంపాదన నెలకు పద్నాలుగు షిల్లింగులు మించదని గాంధీగారు తన ఆత్మకథలో రాశారు. ఇరవై షిల్లింగులు ఒక పౌండు. లెక్క కడితే ఏడాది సంపాదన ఎనిమిదిన్నర పౌండ్లు కూడా కాదు. సంపాదన కంటే పన్నే ఎక్కువ!

అది చాలదన్నట్టు 1913 మార్చి 14న కేప్ కోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. క్రైస్తవ పద్ధతిలో జరిగి రిజిస్టరైన పెళ్లే పెళ్లి అన్నాడు. అంటే హిందువుల పెళ్లి, ముస్లింల పెళ్లి, పార్సీల పెళ్లి చెల్లవు. భార్య అని చెప్పి దేశంలోకి రానివ్వమంటే, నువ్వు భార్యవే కాదు పొమ్మనవచ్చు. అప్పుడు కస్తూర్బా ఊరుకోలేదు. సెప్టెంబర్‌లో మొదటి జట్టుతో బయల్దేరి సరిహద్దు దాటి అరెస్టయ్యింది. మూడు నెలలు జైల్లో ఉంది. బొగ్గు గనుల కూలీలు పని ఆపేశారు. నవంబర్ 6న రెండు వేల మందికి పైగా నడక మొదలుపెట్టారు. అందులో ఆడవాళ్లు 127 మంది, పిల్లలు 57 మంది. మరుసటి ఏడాది, 1914లో, కొత్త చట్టం వచ్చింది. మూడు పౌండ్ల పన్ను పోయింది. మన పెళ్లిళ్లను చట్టం ఒప్పుకుంది.

ఆ పన్నూ ఈ ఫీజూ ఒకటేనని నేను అనడం లేదు. అక్కడ కూలీలను వెళ్లగొట్టడానికో, మళ్లీ ఒప్పందంలోకి తొయ్యడానికో వేశారు. ఇప్పుడు చమురు ధరలు పడిపోయినందుకు ఆదాయం కావాలని, తమ దేశం పిల్లలకు ఉద్యోగాలు రావాలని వేశారు. ఏ దేశానికైనా తన లెక్క తనకుంటుంది. మా ఇంటికి అన్నం పెట్టింది కూడా ఆ దేశమే. కానీ పన్ను పడింది మాత్రం రెండు చోట్లా భార్యాపిల్లల తలల మీదే.

పక్క దేశాల్లోనూ ఇలాంటి గీతలే ఉన్నాయి. దుబాయ్ ఉన్న యూఏఈలో నెలకు 4,000 దిర్హామ్‌ల జీతమైనా ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లైనా ఇవ్వాలి. అప్పుడే కుటుంబాన్ని పిలుచుకోవచ్చు. కువైట్‌లో 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాలు మళ్లీ మొదలుపెట్టినప్పుడు కనీస జీతం 800 దినార్లు అన్నారు. తాపీ మేస్త్రీకి, డ్రైవర్‌కు అంత ఎక్కడ వస్తుంది? అంటే ఇంజనీరుకు భార్యాపిల్లలు కావాలి, ఆయన కారు నడిపేవాడికి అక్కర్లేదు అన్నట్టే కదా! పెద్ద జీతాల వాళ్లకూ పూర్తిగా సుఖం లేదు. అమెరికాలో హెచ్-1బీ మీద పనిచేసే మన తెలుగువాళ్ల పిల్లలు గ్రీన్ కార్డు రాకముందే 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా మీద ఉండడానికి వీల్లేదు.

చట్టం మారాలంటే ఏం చేయాలని సార్ అడిగారు. నాకు తోచింది రాస్తున్నాను. ఒకటి, ఫీజు అందరికీ ఒకేలా కాకుండా జీతాన్ని బట్టి ఉండాలి. రెండు, ఒకే దేశంలో ఇన్నేళ్లు నిజాయితీగా పనిచేసినవాడికి, జీతం ఎంతైనా సరే, భార్యాపిల్లలను తెచ్చుకునే హక్కు ఉండాలి. మూడు, మన ప్రభుత్వం కూడా అడగాలి. వలస కార్మికుల, వాళ్ల కుటుంబాల హక్కుల కోసం ఐక్యరాజ్యసమితి 1990 డిసెంబర్ 18న ఒక ఒప్పందం చేసింది. కుటుంబం కలిసి ఉండేలా చూడాలని అందులో ఉంది. దాని మీద మన దేశం ఇంకా సంతకం చేయలేదు. ముందు మనం సంతకం పెడితేనే కదా ఇంకొకరిని పెట్టమని అడగగలం! మన దేశం ఇతర దేశాలతో కార్మికుల గురించి మాట్లాడేటప్పుడు జీతం, ఇన్సూరెన్స్‌తో పాటు కుటుంబం మాట కూడా ఉండాలి.

ఈ వ్యాసం రాస్తున్నానని ఫోన్‌లో బాపుకు చెప్పాను. "మన ఇంటి ముచ్చట బడి పుస్తకంల ఎందుకు బిడ్డా?" అన్నాడు మొదట. కాసేపాగి, "రాయి. కని నాయనమ్మ పేరు అబద్ధంగ వాడుకున్నమని కూడ రాయి. నీకు పైసల బాధ తెల్వొద్దని అట్ల చెప్పినం" అన్నాడు. పదో తరగతి పరీక్షలు అయిపోగానే నన్నూ అమ్మనూ తమ్ముణ్ణీ మూడు నెలల విజిట్ వీసా మీద పిలిపించుకోవాలని పైసలు జమ చేస్తున్నాడట. మూడు నెలలే. అయినా తమ్ముడు అప్పుడే సంచి సర్దడం మొదలుపెట్టాడు. ఎయిర్‌ఫోర్స్ విమానాలు మా ఇంటి మీదుగా పోయినప్పుడల్లా పరిగెత్తి బయటికి పోయి చెయ్యి ఊపుతున్నాడు.

ఆ రాత్రి నేను నాయనమ్మ పక్కన పోయి పడుకున్నాను. కాగితం సంగతి చెప్పి, "ఇన్నేళ్లు నీ మీద కోపంగ ఉన్న నాయనమ్మా" అన్నాను. ఆమె నా తల నిమురుతూ, "నాకు ఎరికే బిడ్డా. నా పేరు చెప్పుమన్నది నేనే" అంది.

మీ ఇళ్లలో కూడా గల్ఫ్‌లోనో, ఇంకెక్కడో ఉన్నవాళ్లు ఉంటే, వాళ్లు ఎందుకు దూరంగా ఉన్నారో ఒకసారి అడగండి. చెప్పని కారణం ఏదైనా ఉండొచ్చు. అడిగేదాకా నాకూ తెలియలేదు.